సాంబారు తొమ్మిది, సముద్రం ముప్పై అయిదు

అంబలవాణన్ గారికి ఒకటే పిచ్చి. తడిగా ఏది కనిపించినా అందులో ఉప్పెంత ఉందో కొలవాలి. చొక్కా జేబులో అందరూ పెన్ను పెట్టుకునే చోట ఆయన ఉప్పు కొలిచే మీటరు పెట్టుకునేవారు. చూడటానికి అదీ లావుపాటి పెన్నులాగే ఉండేది. మూత తీసి ముంచితే చిన్న కిటికీలో అంకె వచ్చేది. వచ్చిన అంకెను మనసులో దాచుకోవడం ఆయనకు చేతకాదు. వీధి చివర ఇస్త్రీ బండి దాకా వినిపించేలా ప్రకటించేవారు.

"కొబ్బరినీళ్ళు మూడు! సముద్రం ముప్పై అయిదు!"

వెయ్యి పాళ్ళ నీళ్ళకి ఇన్ని పాళ్ళ ఉప్పు అని ఆ లెక్క. ఏం కొలిచినా చివర సముద్రం సంగతి చెప్పి ముగించేవారు, పూజ ఏదైనా చివర హారతి ఇచ్చినట్టు.

పక్కింటి వసంతమ్మ సీరియల్ చూస్తూ ఏడుస్తుంటే, ఈయన కిటికీ దగ్గరకు వెళ్ళి మూత తీశారు.

"ఒక్క బొట్టు ఇటివ్వమ్మా."

"ఏమిటి మామా?"

"కన్నీళ్ళు. ఊరికే పోతున్నాయిగా."

ఆవిడ తెల్లబోయి చెంప చూపించింది. "తొమ్మిది!" అని అరిచారు ఈయన. "చక్కగా ఉన్నాయి. ఏడువు, ఏడువు." వసంతమ్మకి మళ్ళీ ఏడుపు రావడానికి రెండు వారాలు పట్టిందని చెప్పుకున్నారు.

ఆసుపత్రిలో స్నేహితుణ్ణి చూడటానికి వెళ్ళి, ఎక్కిస్తున్న సెలైన్‌లో ఒక్క చుక్క కావాలని నర్సు వెంట పడ్డారు. ఆ పిల్ల విసిగిపోయి, అయిపోయిన సీసా చేతిలో పెట్టింది. అడుగున మిగిలిన చుక్కల్లో పెన్ను ముంచి, "తొమ్మిది! సరిగ్గానే ఉంది, కానివ్వండి" అని డాక్టరు వైపు తల ఊపారు. డాక్టరు కూడా పొరపాటున "థాంక్యూ సార్" అన్నాడట.

ఈ పిచ్చికి మూలం ఏమిటో మా పేట కొళత్తూరులో అందరికీ తెలుసనుకునేవాళ్ళం. మా వీధిలో మూడు గడపలకొక రంగు చేపల దుకాణం. అయితే అవన్నీ మంచినీళ్ళ చేపలు. హాల్లో ఏకంగా సముద్రాన్ని పెట్టుకున్నది మాత్రం అంబలవాణన్ గారొక్కరే. రైలుపెట్టెల కర్మాగారంలో ఫిట్టరుగా చేసి రిటైరైన మనిషి. ఇంట్లో సోఫాని బావమరిదికి ఇచ్చేసి, ఆ చోట అయిదడుగుల గాజు తొట్టి కట్టించారు. గొట్టాలన్నీ స్వయంగా బిగించుకున్నారు. లోపల రాళ్ళ మీద పుట్టగొడుగుల్లాంటి పగడాలు, బొత్తాల్లాంటి పగడాలు, నీలం దీపం కింద మెల్లగా ఊగుతుండేవి. ఒక ఎర్ర రొయ్య ఉండేది. ఈయన చెయ్యి నీళ్ళలో పెడితే అది వచ్చి గోళ్ళు శుభ్రం చేసేది. "మంగలి రామయ్యకన్నా మెత్తని చెయ్యి" అని మురిసిపోయేవారు.

నారింజ రంగు మీద తెల్ల పట్టీలున్న చేపలు రెండు. వాటిలో పెద్దది ఆడది. అది ముందు వెళితే మగది వెనక. పెద్దది కోప్పడితే చిన్నది ఒళ్ళంతా వణికించి క్షమాపణ చెప్పుకునేది. అందుకని పెద్దదానికి తన భార్య పేరు పెట్టారు, కోమళం అని. చిన్నదాని పేరేమిటంటే "అది నేనే" అనేవారు.

అసలు కోమళం గారు ఇవన్నీ చూస్తూ కాఫీ తాగేవారు. "టీచర్, ఈ ఇంట్లో ఏసీ పెట్టించింది చేపలకి. వాటి దయవల్ల నేనూ పడుకుంటున్నాను" అనేవారు నాతో.

"మరి నీ సాంబారు ఎప్పుడైనా కొలిచానా?" అనేవారు ఆయన ఉక్రోషంగా.

"కొలిచి చూడు. ఆ రొయ్య నీ గోళ్ళు తియ్యడానికి చేతులు మిగలవు."

అది నిజం. తన ఇంటి సాంబారు మాత్రం ఆయన ఎన్నడూ కొలవలేదు. అందుకే వడివు అక్క మెస్సు మీద పడ్డారని మా అందరి నిర్ణయం.

వడివు అక్క మెస్సు అంటే మా వీధికి రెండో వంటిల్లు. దుకాణాల్లో పనిచేసే కుర్రాళ్ళు, కర్మాగారం వాళ్ళు, నాలాంటి ఒంటరి మనుషులు అక్కడే తినేవాళ్ళం. అక్కకి కొన్ని పట్టింపులుండేవి. మొదటి ఆకు వడ్డించేదాకా వంట ఎవరూ నోట పెట్టకూడదు, తనతో సహా. "రుచి చూస్తే ఎంగిలి. ఎంగిలి మెతుకు నా మెస్సులో వడ్డించను" అనేది. ఉడుకుతున్న సాంబారు మీదికి ఒక్కసారి వంగి వాసన పీల్చి, ఉప్పు చాలిందో లేదో చెప్పేయగలదని ఆవిడకి పేరు.

అలాంటి వంటింట్లోకి రోజూ పదకొండుంబావుకి అంబలవాణన్ గారు వెనక గుమ్మంలోంచి దూరేవారు. చిన్న స్టీలు గిన్నెలో సాంబారు పోయించి, ఫ్యాను కింద చల్లార్చి, పెన్ను ముంచి, ఆ గిన్నెడూ బయట పారబోసి, వంటింటి గడపలో నిలబడి ప్రకటించేవారు.

"పప్పు ఏడు! సాంబారు ఏడున్నర! సముద్రం ముప్పై అయిదు! అక్కా, ఇంకా చాలా దూరం ప్రయాణం చెయ్యాలి!"

లోపలినుంచి గరిటె మోత వినిపించేది. "పోవయ్యా! ముప్పై ఏళ్ళుగా వండుతున్నదాన్ని, నాకు పాఠం చెప్పడానికి వచ్చాడు! వెళ్ళి నీ తొట్టిలో నీళ్ళు తాగి బతుకు! ఇంకోసారి గడప తొక్కావంటే ఆ పెన్ను విరిచి ముక్కు మీద రాస్తా!"

ఈ తిట్లు వినడానికి కొందరు ముందుగానే వచ్చి కూర్చునేవారు. "అయ్యా, చేపల నీళ్ళలో ముంచిన దాన్ని సాంబారులో ముంచుతావా?" అని ఎవరో ఒకరు అడిగేవారు. "కడిగానయ్యా" అనేవారు ఈయన. రోజూ అదే ప్రశ్న, అదే జవాబు. ఆరేళ్ళు గడిచాయి.

ఆ మే నెలలో మనవడికి చెవులు కుట్టిస్తున్నారని దంపతులిద్దరూ మదురైకి పది రోజుల ప్రయాణం పెట్టుకున్నారు. ఇంటి తాళం నాకిచ్చి తొట్టి చూసుకోమన్నారు.

"పెద్ద పనేం లేదు టీచరమ్మా. ఎండకి రోజూ ఒక బకెట్టు నీళ్ళు ఆవిరైపోతాయి. ఈ గీత దాకా మళ్ళీ పొయ్యండి. చిటికెడు మేత వెయ్యండి. కోమళం అలిగినా పట్టించుకోకండి."

మూలన రెండు డ్రమ్ములున్నాయి. ఒకదాంట్లో వడగట్టిన మంచినీళ్ళు. రెండోదాంట్లో వారానికోసారి మార్చడానికి ఉప్పు కలిపి ఉంచిన నీళ్ళు. ఏది పొయ్యాలో ఆయన చెప్పలేదు, నేనడగలేదు. ఇందులో అడగడానికేముంది? సముద్రంలో తగ్గింది సముద్రపు నీళ్ళేగా అని, ఉప్పు డ్రమ్ములోంచి రోజూ బకెట్టు ముంచి జాగ్రత్తగా గీత దాకా పోశాను. ఒక్క బొట్టు కింద పడనివ్వలేదు.

అదే వారం మెస్సులో ఏదో తేడా వచ్చింది. ఒకరోజు సాంబారు ఉప్పు కషాయం. మర్నాడు ఉప్పే లేక, గోడకి వేసే సున్నం నీళ్ళు. ఆ మర్నాడు పప్పు నోట పెట్టగానే ముగ్గురు మజ్జిగతో సరిపెట్టుకుని లేచిపోయారు.

దైవసిగామణి గారు మాత్రం లేవలేదు. ఆయన కర్మాగారం రిటైరైన వాళ్ళ సంఘానికి అధ్యక్షుడు. అన్నంలో రాయి తగిలితే కడిగి, కాగితంలో చుట్టి, వారం తర్వాత కూడా చూపించగల మనిషి.

"అక్కా, ఇవాళ సాంబారులో ఉప్పు వేశారా, ఉప్పులో సాంబారు వేశారా?"

ఇలాంటి మాటకి వడివు అక్క గరిటె తీసుకుని రావాలి. రాలేదు. "ఎండకి తల తిరుగుతోందయ్యా" అని లోపలికి వెళ్ళిపోయింది.

ఎదురుగా కొత్త మెస్సు తెరిచి నెల కాలేదు. గాజు తలుపు, చల్లని గది. దైవసిగామణి గారు చెయ్యి కడుక్కుంటూ అందరూ వినేలా చెప్పారు. "శనివారం మా సంఘం భోజనం. నూట ఇరవై ఆకులు, ఇక్కడే. అది బాగుంటే సరే. లేదంటే ఒకటో తారీకునుంచి మా నలభై మందీ ఎదురింటికే." ఆ నలభై మంది వెళ్ళిపోతే అక్క పొయ్యి వెలగదు. ఆ సంగతి మా అందరికన్నా ఆవిడకే బాగా తెలుసు.

శనివారం పొద్దున్న ఏడింటికి నేను వాళ్ళింటి తలుపు తీసి తొట్టి వైపు చూశాను. పుట్టగొడుగు పగడాలన్నీ ఎండిన కిస్మిస్ పళ్ళలా ముడుచుకుపోయాయి. బొత్తాలన్నీ మూసేసుకున్నాయి. సరిగ్గా అప్పుడే వీధిలో ఆటో ఆగింది. చేతిసంచితో అంబలవాణన్ గారు ఒక్కరే దిగారు.

"పది రోజులన్నారుగా సార్?"

"ఆరో రోజే వచ్చేశాను. కోమళం తర్వాత వస్తుంది."

మూగజీవాలు పిలిస్తే మనిషికి వినిపిస్తుందంటారు, ఇదే కాబోలు అనుకున్నాను. ఆయన తొట్టి వైపు చూశారు. దుర్భిణి లాంటి ఒక గొట్టం తీసి, దాని గాజు మీద తొట్టినీళ్ళ చుక్క వేసి, వెలుతురుకేసి కంటికి పెట్టుకుని చూశారు.

"నలభై" అన్నారు. అరవలేదు. "టీచరమ్మా, ఏ డ్రమ్ము?"

చూపించాను. ఆయన కుర్చీలో కూలబడ్డారు. తర్వాత మెల్లగా నవ్వారు.

"ఆవిరయ్యేది నీళ్ళే. ఉప్పు ఎక్కడికీ పోదు, తొట్టిలోనే ఉంటుంది. దానిమీద మీరు మళ్ళీ ఉప్పునీళ్ళు పోశారు. ఏడవకండి. ఏడిస్తే కొలుస్తాను. ఈ తొట్టి పిచ్చి పట్టిన ప్రతివాడూ ఒకసారి ఈ పని చేస్తాడు. మొదటి ఏడాది నేనూ చేశాను."

"ఇప్పుడు మంచినీళ్ళు పోసేద్దామా?"

"ఒక్కసారిగా పోస్తే చస్తాయి. ఎన్ని రోజులు ఎక్కిందో అన్ని రోజులు దిగాలి. అయిదు నిమిషాలకి ఒక గ్లాసు తియ్యాలి, ఒక గ్లాసు మంచినీళ్ళు పొయ్యాలి."

ఇద్దరం తొట్టి ముందు కూర్చున్నాం. గ్లాసు తీసేవాళ్ళం, గ్లాసు పోసేవాళ్ళం. పదిన్నర అయ్యేసరికి ఆయన హఠాత్తుగా లేచి చొక్కా తొడుక్కున్నారు. జేబులో పెన్ను ఉందో లేదో తడిమి చూసుకున్నారు.

"ఎక్కడికి?"

"మెస్సుకి. సాంబారు కొలవాలి."

తొమ్మిదేళ్ళుగా పెంచుకున్న పగడాలు కళ్ళ ముందు చావబోతుంటే, ఈ మనిషికి సాంబారు కావాల్సివచ్చింది! ఆరేళ్ళుగా నవ్వుకున్న పిచ్చి మీద ఆ రోజు మొదటిసారి నాకు కోపం వచ్చింది. గ్లాసులు గట్టిగా పెడుతూ ఒక్కదాన్నే కూర్చున్నాను.

పదకొండు దాటింది. ఆయన రాలేదు. ఇంతలో పెద్ద చేప తొట్టి మూలకి వెళ్ళి, ఒక పక్కకి ఒరిగిపోయింది. ఇంక ఆగలేకపోయాను. చెప్పులు కూడా మరచి మెస్సు వెనక గుమ్మంలోకి పరిగెత్తాను.

"సార్! కోమళం పడిపోయింది!"

వడివు అక్క చేతిలో మూత నేలమీద పడింది. అంబలవాణన్ గారు మాత్రం తల తిప్పలేదు.

"ఇంట్లో కోమళమేనా?"

"అవును సార్, పక్కకి ఒరిగిపోయింది!"

"అది రోజూ ఆ వేళకి అలాగే పడుకుంటుంది. అరవకండి."

అప్పుడు చూశాను. పొయ్యి మీద మూడు పెద్ద గుండిగలు. ముందు వరసగా స్టీలు గిన్నెలు, కింద తడిగుడ్డ, పైన ఫ్యాను. ముందు గదిలో దైవసిగామణి గారి గొంతు వినిపిస్తోంది, ఆకులు వేయిస్తున్నారు. ఇక్కడ మాత్రం అరుపుల్లేవు, తిట్లు లేవు.

"ఎంత?" అంది అక్క, గుసగుసగా.

"ఆరు."

అక్క గుప్పెడు ఉప్పు వేసి కలిపింది. ఇంకో గిన్నె.

"ఇప్పుడు?"

"ఎనిమిది. ఇంకో అర గుప్పెడు."

"సరిగ్గా చూడు అన్నా. ఇవాళ తప్పితే లేదు."

"చూశానక్కా. తొమ్మిది. మూత పెట్టెయ్."

నేను వెర్రిదానిలా అడిగాను. "వాసన చూస్తే తెలిసిపోతుందిగా అక్కా నీకు?"

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. అక్క కొంగుతో మొహం తుడుచుకుంది.

"ఆరేళ్ళ కిందట విషజ్వరం వచ్చింది చూశావూ టీచరమ్మా, దాంతో పోయింది. వాసనా లేదు, రుచీ లేదు. నోట్లో వేసుకున్నా ఉప్పో పంచదారో తెలీదు. ఇంకెవరిచేతైనా రుచి చూపిద్దామంటే ఎంగిలి. నా నోటితో నేను ముప్పై ఏళ్ళు చెప్పిన మాట. పైగా ముక్కూ నాలుకా లేని మనిషి వండిందని తెలిస్తే ఎవరు తింటారు?"

"మరి సార్‌కి..."

"మూడు రోజులు వరసగా నా సాంబారు తిని, నా మొహం చూశాడు. నాలుగో రోజు ఇదే గుమ్మంలో నిలబడ్డాడు. 'అక్కా, రేపట్నుంచి నాకొక పిచ్చి పట్టబోతోంది. మీరు గట్టిగా తిడుతూ ఉండాలి' అన్నాడు."

అంబలవాణన్ గారు గిన్నెలు కడుగుతున్నారు, వినబడనట్టు.

అప్పుడు నాకు అర్థమైంది. తొట్టిని కొలిచేటప్పుడు ఆయన ఎప్పుడూ కంటికి ఆ గొట్టమే పెట్టుకునేవారు. జేబులో పెన్ను ఒక్కసారి కూడా ఆ నీళ్ళలో మునగలేదు. కొన్నదే సాంబారు కోసం. అదొక్కటే కొలిస్తే ఎవరికైనా అనుమానం వస్తుందని వసంతమ్మ కన్నీళ్ళూ, సెలైనూ, ఊళ్ళో కొబ్బరికాయలన్నీ కొలిచారు. అంతకుముందు చేపలతో తప్ప ఎవరితోనూ నాలుగు మాటలు ఆడని మనిషి, నడివీధిలో అంకెలు అరిచారు. ఈ పిచ్చిని చూసి అందరికన్నా ముందు కావాలని నవ్వింది కోమళం గారేనని, అంతా ఆవిడకి తెలుసునని తర్వాత తెలిసింది. మదురైలో ఉండగా అక్క ఫోను చేస్తే, "నువ్వు ముందు బస్సెక్కు, చెవులు నేను కుట్టిస్తాను" అని పంపింది కూడా ఆవిడే.

"సార్, మూడు పంక్తులు కదా. రెండింటిదాకా పడుతుంది. మీరు తొట్టి దగ్గరకి వెళ్ళండి. పెన్ను నాకివ్వండి" అన్నాను.

ఆయన నన్ను పైనుంచి కిందికి చూశారు. "మీకు చేతకాదు టీచరమ్మా."

"ముంచి అంకె చదవడానికి చేతకాకపోవడమేమిటి?"

"కొలవడం ఎవరికైనా వస్తుంది. అరవాలి. కొలిచి ఊరుకుంటే, ఎందుకు కొలుస్తున్నారని అడుగుతారు. అరిస్తే నవ్వుతారు. మీరేమో పుస్తకం పేజీ తిప్పినా చప్పుడు చెయ్యరు."

"అరుస్తాను."

పెన్ను నా చేతిలో పెట్టి, ఇంటివైపు దాదాపు పరిగెత్తారు. ఆ తొట్టి సంగతి ఇక్కడే చెప్పేస్తాను. వారం పాటు గ్లాసులు మోశాం. నాలుగో రోజుకి బొత్తాలు విచ్చుకున్నాయి. ఒక్క పుట్టగొడుగు పగడం మాత్రం దక్కలేదు. దాని చోటు ఖాళీగానే ఉంచి, ఎవరైనా అడిగితే "అది టీచరమ్మ స్థలం" అనేవారు. ఇదంతా ఇప్పుడు రాయొచ్చని అక్కే చెప్పింది. మెస్సు తమ్ముడి కూతురికి అప్పజెప్పాక, "ఇంక నా నాలుక సంగతి ఎవరికి కావాలి, రాసుకో" అంది.

సరే, ఆ శనివారం. మొదటి పంక్తి కూర్చుంది. గడపలో నిలబడ్డాను. నలభై మొహాలు నావైపు తిరిగాయి.

"సాంబారు... తొమ్మిది" అన్నాను. నాకే వినబడలేదు.

వెనకనుంచి అక్క నడుము మీద పొడిచింది. "గట్టిగా!"

కళ్ళు మూసుకున్నాను. "సాంబారు తొమ్మిది! సముద్రం ముప్పై అయిదు!"

దైవసిగామణి గారి చేతిలో అప్పడం విరిగిపోయింది. "టీచర్! మీరు కూడానా!"

"అయ్యో పాపం, ఈవిడకీ అంటుకుంది!" అన్నారెవరో. గది గదంతా ఘొల్లుమంది. అక్క గరిటె ఊపుకుంటూ నా మీదికొచ్చింది. "ఆ ముసలాయన చాలడని నువ్వొకదానివి తయారయ్యావా! చదువుకున్నదానివి, సిగ్గులేదూ!" వారం రోజుల తర్వాత ఆ గొంతు మళ్ళీ విని, జనం సగం కడుపు అక్కడే నిండినట్టు సర్దుకుని కూర్చున్నారు.

రెండో పంక్తికి నా గొంతు వీధిలోకి వినిపించింది. మూడో పంక్తికి, ఎవరూ అడక్కపోయినా రసం కూడా కొలిచాను.

దైవసిగామణి గారు మొదటి పంక్తిలో కూర్చున్నవారు మూడో పంక్తి దాకా లేవలేదు. మూడుసార్లు సాంబారు పోయించుకున్నారు. చివరికి వేళ్ళు నాక్కుని, ఎదురింటి గాజు తలుపు వైపు ఒకసారి చూసి, "ఎందుకులే, అక్కడ చలి" అన్నారు. అంతే, నలభై మందీ నిలిచిపోయారు. తర్వాత ఆయన మజ్జిగ గ్లాసు నా ముందుకు చాపారు.

"టీచర్, దీంట్లో ఎంతుందో కూడా కాస్త చూడండి."

ముంచాను. "మూడు!"

"తక్కువే. నేననుకుంటూనే ఉన్నాను. అక్కా, ఉప్పు!"

వడివు అక్క ఉప్పు గిన్నె తెచ్చి ఆయన ఆకు పక్కన ఠపీమని పెట్టింది. నావైపు ఒక్కసారి చూసి, నడుం మీద చెయ్యి వేసుకుని అంది.

"మజ్జిగలో ఉప్పు తెలుసుకోవడానికి కూడా మీటరు కావాలా అయ్యా నీకు? దేవుడు నాలుక ఎందుకిచ్చాడు?"